ముఖం మీదే నురుగు తీసుకునేవారికి మెత్తని బ్యాడ్జర్ బ్రష్: కొసలు మెత్తగా ఉండాలి, నడుము కాదు

మీ చర్మం, ముఖ్యంగా మెడ దగ్గర, సున్నితమైనదనీ, గడ్డం గీసుకోవడానికి ప్రస్తుతం వాడుతున్న పంది వెంట్రుకల బ్రష్ గుచ్చుకుంటోందనీ, గిన్నెలో కాకుండా నేరుగా ముఖం మీదే నురుగు తీసుకునే అలవాటు ఉందనీ రాశారు. అందుకని దొరికినంతలో అత్యంత మెత్తని బ్యాడ్జర్ బ్రష్ (బ్యాడ్జర్ అనే, బొరియల్లో ఉండే అడవి జంతువు వెంట్రుకలతో చేసినది) కోసం వెతుకుతూ, వెంట్రుకల కట్ట వ్యాసం 26 మిల్లీమీటర్లు ఉన్న సిల్వర్‌టిప్ (తెల్లని కొసల రకం) బ్రష్ ఒకటి చూసి పెట్టుకున్నారు. అది కొనవచ్చునా, దానితోపాటు వేలాడదీసే స్టాండు కూడా తీసుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు. ఆ బ్రష్ కొనవద్దని నా సలహా. సరిగ్గా మీ ఆలోచనతోనే, దాదాపు అదే కొలత గల బ్రష్‌ను పదకొండేళ్ల క్రితం నేను కొని, ఆరు నెలలు దానితో కుస్తీ పట్టాను.

అప్పుడు నేను ఉద్యోగరీత్యా మాంచెస్టర్‌లో ఉండేవాడిని. ఆ బ్రష్‌ను పొడిగా ఉన్నప్పుడు చెంపకు ఆనించుకుంటే బూరుగు దూది తగిలినట్టు ఉండేది. ఆ స్పర్శకే డబ్బు చెల్లించానని ఇప్పుడు అనిపిస్తుంది. తడిపి, సబ్బు ఎక్కించి, ముఖం మీద తిప్పడం మొదలుపెట్టగానే వెంట్రుకలన్నీ వర్షంలో తడిసిన వరిపైరులా ఒక పక్కకు ఒరిగిపోయేవి. నురుగు కుచ్చు కడుపులో తయారై అక్కడే ఉండిపోయేది, చర్మానికి మాత్రం పలుచని పొర అంటేది. నురుగు బయటికి రావాలని కాస్త గట్టిగా నొక్కితే వెంట్రుకలు మొదలు దాకా విచ్చుకుని చెవి దాకా, ముక్కుపుటాల దాకా పాకేవి. నాకు మీసం ఉంది. రోజూ మీసం నిండా నురుగు పట్టి, దాన్ని కడుక్కున్న తరువాతే రేజరు చేతికి తీసుకోవలసి వచ్చేది. గిన్నెలో వాడినప్పుడు అదే బ్రష్ చక్కగా పనిచేసింది. అంటే లోపం దానిది కాదు, పనికీ పనిముట్టుకూ పొత్తు కుదరకపోవడమే అసలు చిక్కు.

బ్రష్ మెత్తదనం అని మనం ఒకే మాటతో చెప్పేది నిజానికి రెండు వేర్వేరు గుణాలు. ఒకటి కొసల మెత్తదనం, అంటే చర్మానికి తగిలే చివరి రెండు మూడు మిల్లీమీటర్లు గుచ్చుకోకపోవడం. రెండవది నడుము మెత్తదనం, అంటే నొక్కినప్పుడు కుచ్చు మొత్తం ఎంత సులువుగా వంగుతుందన్నది. మిమ్మల్ని బాధపెడుతున్నది మొదటిది లేకపోవడం. మీరు కొనబోతున్న బ్రష్‌లో రెండూ ఉన్నాయి. గిన్నెలో నురుగు తీసేవారికి నడుము వంగినా నష్టం లేదు, ఎందుకంటే పని గిన్నె గోడ మీద జరుగుతుంది, ముఖానికి పూయడం మాత్రమే మిగులుతుంది. ముఖం మీదే నురుగు తీసేటప్పుడు వెంట్రుకలు గడ్డాన్ని లేపి, దాని మొదళ్లలోకి నీటినీ సబ్బునూ చేర్చాలి, గాలిని కూడా కలపాలి. ఆ పనికి కుచ్చు కొంత ఎదురు నిలవాలి. బ్యాడ్జర్ వెంట్రుకకు ఉన్న గొప్పతనమే అది: మధ్యలో లావుగా ఉండి కొసకు పోయేకొద్దీ సూదిలా సన్నబడుతుంది కనుక, గట్టి నడుమూ మెత్తని కొసా ఒకే వెంట్రుకలో దొరుకుతాయి. పంది వెంట్రుక అలా సన్నబడదు. వాడగా వాడగా దాని కొస రెండు మూడు పాయలుగా చీలి మెత్తబడుతుంది కనుక కొత్తలో గుచ్చుకోవడం సహజం. మీది ఇంకా రెండు నెలలు కూడా నిండని బ్రష్ అయితే, మరికొన్నాళ్లు చూడడం కూడా తప్పు కాదు.

నడుము ఎంత గట్టిగా ఉంటుందో ముందే తెలుసుకోవడానికి రెండు కొలతలు చూడాలి. ఒకటి నాట్, అంటే వెంట్రుకల కట్ట పిడిలోకి దిగే చోట దాని వ్యాసం. రెండవది లాఫ్ట్, అంటే పిడి పైఅంచు నుంచి కొసల దాకా కనిపించే ఎత్తు. అమ్మేవారు మొదటి కొలతను పెద్ద అక్షరాలతో చెప్పి, రెండవదాన్ని ఎక్కడో అడుగున పెడతారు, కొన్నిసార్లు అసలు చెప్పరు. ముఖం మీద నురుగు తీసేవారికి మాత్రం రెండవదే ప్రాణం. ఒక చివర బిగించిన కడ్డీని రెండవ చివర నొక్కితే అది ఎంత వంగుతుందన్నది పొడవు ఘనాన్ని, అంటే పొడవును పొడవుతో, మళ్లీ పొడవుతో హెచ్చించిన లెక్కను బట్టి ఉంటుందని ఇంజినీరింగులో చదువుకున్నాం. ఆ లెక్కన లాఫ్ట్‌ను 50 మిల్లీమీటర్ల నుంచి 60కి పెంచితే, అదే వెంట్రుక అదే ఒత్తిడికి దాదాపు 1.7 రెట్లు వంగుతుంది. పది మిల్లీమీటర్లు అంటే చిటికెన వేలి వెడల్పైనా ఉండదు, కానీ తేడా అంత ఉంటుంది. నా పాత బ్రష్ నాట్ 26, లాఫ్ట్ 60. ఇప్పుడు ఎనిమిదేళ్లుగా వాడుతున్నది నాట్ 22, లాఫ్ట్ 48. నా అనుభవంలో లాఫ్ట్ అనేది నాట్‌కు రెండుంబావు రెట్లు దాటితే ముఖం మీద నురుగుకు పనికిరాదు, రెండు రెట్లకు తగ్గితే మరీ బిరుసుగా ఉంటుంది. కుచ్చు ఎంత దట్టంగా కట్టారన్న దాన్ని బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది.

దట్టంగా ఉంటే మంచిదే కదా అని మరీ అటు వైపు పోవద్దు. 1919లో మొదలైన సింప్సన్ సంస్థ వారి చబ్బీ అనే రకం పేరుకు తగ్గట్టే పొట్టిగా, బొద్దుగా, వెంట్రుకలు కిక్కిరిసి ఉంటుంది. దాన్ని ఇష్టపడేవారు ప్రాణంగా చూసుకుంటారు గాని, ఒక మిత్రుడి దగ్గర తీసుకుని పది రోజులు వాడితే నా మెడ ఎర్రబడింది. కొసలు గుచ్చుకోలేదు, కానీ అంత దట్టమైన కుచ్చు చర్మాన్ని రుద్దే తీరే వేరు. దానికి పూర్తిగా ఎదురు కొస కెంట్ సంస్థ వారి సిల్వర్‌టిప్ బ్రష్‌లు; 1777 నుంచి ఉన్న ఆ ఇంగ్లీషు సంస్థ బ్రష్‌ల మెత్తదనం పేరుపడ్డదే, నడుము కూడా అంతే మెత్తన. మీకు కావలసింది ఈ రెండింటి నడుమ ఉంది.

సిల్వర్‌టిప్ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అన్న తరగతులకు బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు, ఒకరి సూపర్ మరొకరి బెస్ట్ కావచ్చు. స్థూలంగా ప్యూర్ అన్నది ముదురు రంగులో ఉండి కాస్త గుచ్చుకుంటుంది, సిల్వర్‌టిప్‌కు పొడవాటి తెల్లని కొసలు ఉంటాయి. తెలుపు, నలుపు, మళ్లీ లేత రంగు కనిపిస్తే త్రీ బ్యాండ్ అనీ, తెల్లని కొస కింద నలుపు మొదలు దాకా దిగితే టూ బ్యాండ్ అనీ అంటారు. టూ బ్యాండ్ వెంట్రుకలు సాధారణంగా కొంచెం లావుగా, స్ప్రింగులా ఎదురు నిలుస్తాయి. మంచి తయారీదారు దగ్గర తీసుకుంటే కొసలు కూడా మెత్తగానే ఉంటాయి, అందుకే నేను దాని వైపు మొగ్గాను. ఈ తెల్లదనాన్ని చూసి మోసపోయిన అనుభవమూ ఉంది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర సగం ధరకు సిల్వర్‌టిప్ అని వచ్చిన బ్రష్ కొసలు సున్నం వేసినట్టు ఒకే తెలుపు, భూతద్దం పెట్టి చూస్తే చివరలు సన్నబడకుండా కత్తిరించినట్టు మొండిగా ఉన్నాయి. మంచి బ్రష్‌లో కుచ్చుకు ఆకారం కొసలను కత్తిరించి తేరు; వెంట్రుకలను అచ్చులో అమర్చి మొదళ్ల వైపు నుంచి సరిచేస్తారు. కత్తిరించిన కొస ఏ జంతువుదైనా గుచ్చుకుంటుంది. కొనేముందు కొసలను దగ్గరగా తీసిన ఫొటో పంపమని అడగండి, పంపకపోతే అక్కడితో వదిలేయండి.

ఆకారం విషయంలో గుండ్రంగా మొగ్గలా ఉండే బల్బు, విసనకర్రలా విచ్చుకునే ఫ్యాన్ అని రెండు ఉన్నాయి. బల్బు కొసలు ఒకచోట చేరి ఉంటాయి కనుక మీసం చుట్టూ, పెదవి కింద సులువుగా తిరుగుతుంది. ఫ్యాన్ స్పర్శ ఇంకొంచెం మెత్తన. మీకు మీసం ఉంటే బల్బే తీసుకోండి, నాట్ కూడా 22 దాటనివ్వవద్దు. మీసం లేనివారికి 24 మిల్లీమీటర్ల నాట్, 50 లేదా 52 లాఫ్ట్ సుఖంగా ఉంటుంది.

మాంచెస్టర్ నుంచి హైదరాబాద్ తిరిగి వచ్చాక నాకు అర్థమైన సంగతి ఒకటి ఉంది. అక్కడి కుళాయి నీరు లేక్ డిస్ట్రిక్ట్ జలాశయాల నుంచి వస్తుంది, లవణాలు తక్కువగా ఉండే మెత్తని నీరు. చిటికెడు సబ్బుకే మీగడలాంటి నురుగు వచ్చేది. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ బోరు నీటిలో అదే బ్రష్, అదే సబ్బు పెరుగు విరిగినట్టు అయ్యాయి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టులా మారి, వెంట్రుకల మొదళ్లలో పేరుకుని, మెత్తని బ్రష్‌ను కూడా రెండు మూడు నెలల్లో బిరుసుగా చేస్తాయి. మీ నీరు కూడా అలాంటిదైతే, నురుగుకు ఒక కప్పు ఆర్‌ఓ నీరు పక్కన పెట్టుకోండి, అంతకు మించి ఖర్చు లేదు. నెలకొకసారి కప్పు గోరువెచ్చని నీటిలో చెంచాడు తెల్ల వెనిగర్ కలిపి బ్రష్‌ను పది నిమిషాలు ఉంచి, బాగా కడిగితే పాత మెత్తదనం తిరిగి వస్తుంది. మీ బ్రష్ గుచ్చుకోవడానికి ఈ తెట్టు కూడా ఒక కారణమేమో ముందు ఆ వెనిగర్‌తో చూడండి, కొత్తది కొనే ఖర్చు తప్పినా తప్పవచ్చు.

వాడే పద్ధతి కూడా కొంత మార్చుకోవాలి. బ్యాడ్జర్ వెంట్రుక పంది వెంట్రుకలా చాలాసేపు నానవలసిన పని లేదు, గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు నిమిషాలు చాలు. మరిగే నీరు పోస్తే వెంట్రుకలూ పాడవుతాయి, లోపలి జిగురూ వదులుతుంది. ఇది చాలా నీటిని పట్టి ఉంచుతుంది కనుక, రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, కారకుండా తడిగా మాత్రమే ఉన్నప్పుడు సబ్బు మీద అర నిమిషం తిప్పాలి. ముఖం మీద మొదట సున్నాలు చుట్టినట్టు తిప్పి, నురుగు చిక్కబడ్డాక కొసలను మాత్రమే నీటిలో ముంచి, గోడకు వెల్ల వేసినట్టు పైకీ కిందికీ పూయాలి. ముఖం మీద నురుగు చెడేది ఎక్కువగా ఒకేసారి ఎక్కువ నీరు కలపడం వల్లే. మెడ దగ్గర తిప్పడం పూర్తిగా మానేసి పూత మాత్రమే వేయండి. బ్రష్ ఎంత మెత్తనిదైనా తిప్పడం అంటే రుద్దడమే. పైగా వెంట్రుకలు మొదలు దాకా విచ్చుకునేలా నొక్కితే కుచ్చు నడిమధ్యలో వెంట్రుకలు విరిగి గుంట పడుతుంది.

కొత్త బ్రష్ మొదటి వారం పశువుల కొట్టం వాసన వేస్తుంది. రెండు మూడుసార్లు షాంపూతో కడిగి, ఒక రాత్రి నురుగుతోనే వదిలేస్తే చాలావరకు పోతుంది. మొదట్లో నాలుగైదు వెంట్రుకలు రాలడం మామూలే, నెల దాటినా రోజూ రాలుతుంటే జిగురు లోపం, వెనక్కి ఇవ్వండి.

ఇంకొక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇంగ్లండ్‌లో తయారైనదని రాసి ఉన్నా ఈ వెంట్రుకలు సాధారణంగా చైనా నుంచి వచ్చినవే. బ్రిటన్‌లో బ్యాడ్జర్లకు 1992 నాటి చట్టం రక్షణ ఇస్తోంది. ఈ జంతువును చంపకుండా వెంట్రుకలు దొరకవు. ఈ సంగతి నేను మొదటి బ్రష్ కొన్నప్పుడు ఆలోచించలేదు, ఆలోచించాక మరొకటి కొనలేదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకుంటున్నాను. జర్మనీలోని మ్యూలె వంటి సంస్థలు చేసే కృత్రిమ పోగుల బ్రష్‌ల కొసలు ఇప్పుడు బ్యాడ్జర్‌కు ఏ మాత్రం తీసిపోవు. నీటిని తక్కువ పట్టి ఉంచుతాయి, త్వరగా ఆరుతాయి, ధర కూడా సగం కంటే తక్కువలో దొరుకుతుంది. మా తమ్ముడికి అటువంటిదే కొనిచ్చాను, నా బ్రష్ అడగడం మానేశాడు. మీరు కూడా ముందు ఒక కృత్రిమ బ్రష్‌ను ఇదే కొలతల్లో, అంటే 22 నుంచి 24 నాట్, 48 నుంచి 52 లాఫ్ట్‌లో, నెల రోజులు వాడి చూసి, అది చాలదనిపిస్తేనే టూ బ్యాండ్ బ్యాడ్జర్ వైపు వెళ్లండి.

స్టాండు కొనవద్దు. బ్రష్‌ను కడిగి, విదిలించి, తువ్వాలు మీద రెండుసార్లు అద్ది, గాలి తగిలే చోట నిలబెడితే తలకిందులుగా వేలాడదీసినంత బాగానే ఆరుతుంది. స్నానాలగదిలో మూసి ఉన్న అలమరలో మాత్రం పెట్టవద్దు, వానాకాలంలో బూజు పడుతుంది. నేను కొన్న స్టాండు ఇప్పుడు మా వంటింట్లో టీ వడపోతను మోస్తోంది.