మండల రిపోర్టర్ పోస్టుకు రూ.50 వేల డిపాజిట్టా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తి చేశాడు. పేపర్లు ఎవరు చదువుతున్నారు, వార్తలన్నీ ఫోన్లోనేగా అంటూ యూట్యూబ్ న్యూస్ చానల్ పెడతానంటున్నాడు. కెమెరాకు లక్షన్నర కావాలట. ఇంతలో ఒక చానల్ వాళ్లు రూ.50 వేలు డిపాజిట్ కడితే మండల రిపోర్టర్‌గా తీసుకుంటామన్నారు. కట్టమంటారా, జర్నలిజం కోర్సులో చేర్పించమంటారా?
– ఓ తండ్రి, సత్తుపల్లి

జవాబు: కట్టకండి. జీతం ఇవ్వాల్సినవాళ్లు ఎదురు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. మెడలో ఐడీ కార్డు వేసి, చేతికి లోగో మైకు ఇచ్చి, పండక్కి ఇన్ని యాడ్స్ తేవాలని టార్గెట్ పెడతారు. యాడ్ ఇచ్చిన కాంట్రాక్టర్ మీద మీవాడు వార్త చేయలేడు. ఇవ్వనివాడి మీద చేస్తే వసూళ్ల కోసమే అంటారు. కేసు దాకా వెళ్తే చానల్ వాళ్లు ఫోనెత్తరు. ఇవన్నీ మీకు తెలియనివా? కార్డు ఉంటే ఎమ్మార్వో ఆఫీసులో మన పని త్వరగా అవుతుందన్న ఆశ అబ్బాయికంటే మీకే ఎక్కువున్నట్టుంది. దాన్ని వాడి కెరీర్‌కు ముడిపెట్టకండి.

వార్త ముందు ఫోన్‌కే చేరుతోందన్న అబ్బాయి మాట నిజమే. కానీ చేరడం వేరు, డబ్బు రావడం వేరు. యూట్యూబ్ యాడ్స్‌లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. మనిషికి రెండు నిమిషాలు చూశారనుకున్నా లక్షా 20 వేల వ్యూస్. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఇందులోకి రాదు. వాటికి 90 రోజుల్లో కోటి వ్యూస్ అని వేరే లెక్క. టీవీ క్లిప్పులు అతికిస్తే ఇతరుల వీడియోలు మళ్లీ వాడారని మానిటైజేషన్, అంటే ఆ యాడ్ డబ్బు, ఆపేస్తారు. ఊళ్లో బాగా చూసేవి యాక్సిడెంట్లు, హత్యలు. యాడ్స్ తగ్గించేదీ వాటికే.

నా అసలు అనుమానం వేరే ఉంది. ఒంటరి చానల్లో తప్పును ఆపే రెండో మనిషి ఉండడు. పోక్సో కేసులో బాలిక ముఖం బ్లర్ చేసి, కింద బడి పేరు స్క్రోలింగ్ వేస్తారు. 23వ సెక్షన్ ప్రకారం బడి పేరు, ఇంటి అడ్రసు చెప్పినా నేరమే, ఏడాది దాకా జైలు. పత్రికాఫీసులో వార్తలు సరిదిద్దే డెస్కులో సీనియర్ సబ్ ఎడిటర్ ఆ లైను కొట్టేస్తాడు. ఇంట్లో ఎవరు కొట్టేస్తారు?

అందుకే ముందు రెండేళ్లు డెస్కులో ఉండాలి. పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లకు ఏ డిగ్రీ అయినా చాలు. శిక్షణలో స్టైపెండ్ వస్తుంది. ఒప్పంద పత్రంలో ఎన్నేళ్లు పనిచేయాలో చదివాకే సంతకం పెట్టించండి. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ కూడా మంచిదే. డిజిటల్ డెస్కులు గొప్పవని నేననను. అక్కడా ‘షాక్’ లేని థంబ్‌నెయిల్ దొరకదు. అయినా వచ్చిన వీడియోను పరీక్షించడం చేతికి అలవాటయ్యేది అక్కడే.

వాట్సాప్‌లో వరద వీడియో వచ్చిందనుకోండి. నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి గూగుల్ లెన్స్‌లో వెతకాలి. పాతదైతే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే షాపు బోర్డులు, బండి నంబర్లు చూడాలి. టీజీ నంబర్లు 2024 మార్చి నుంచే వచ్చాయి కాబట్టి, 2020 హైదరాబాద్ వరదలంటూ తిరిగే వీడియోలో టీజీ బండి కనిపిస్తే అది అబద్ధం. టీఎస్ బండి ఉంటే మాత్రం ఏదీ రుజువు కాదు, ఆ బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. చివరికి ఆ వీధిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేయాల్సిందే. ఫార్వర్డ్ కొట్టేముందు మీరు కూడా ఇది చేయొచ్చు.

వాడు చెడిపోతాడని భయపడకండి. వార్తల మీద మోజు చెడ్డ లక్షణం కాదు. రెండేళ్లు డెస్కులో చేసి వెనక్కి వచ్చినా వయసు మించిపోదు, డిగ్రీ ఎక్కడికీ పోదు.

లక్షన్నర బ్యాంకులోనే ఉంచి, ఉన్న ఫోన్‌కు ఓ కాలర్ మైకు కొనివ్వండి. బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే చూడరు. స్కూల్ పిలుపు వచ్చేలోగా వారానికొక వీడియో చేయమనండి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ పేలుళ్లకు ఇళ్లు బీటలు వారుతున్నాయన్న ఫిర్యాదుతో మొదలుపెట్టొచ్చు. బాధితులతో, సింగరేణి అధికారులతో మాట్లాడి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. జవాబుకు గడువు 30 రోజులు. అందుకే దరఖాస్తు ఈ వారమే పెట్టించండి.