చిరుత వేరు, చీతా వేరు

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో తిరిగేదీ, ఆఫ్రికా నుంచి విమానంలో తెచ్చిందీ ఒకటేనా అండీ? పేపర్లో రెండింటినీ చిరుత అనే రాస్తున్నారు.
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: కాదమ్మా. అలిపిరిలోది చిరుతపులి. చెట్టెక్కుతుంది, పొదలో నక్కి మీద పడుతుంది. చీతాకి మైదానం కావాలి, పరిగెత్తి పట్టుకోవాలి. ముఖం చూస్తే చాలు, కంటి మూల నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లటి చార ఉంటే అది చీతా. మచ్చలు కూడా దానికి బొట్లు పెట్టినట్టు నిండుగా ఉంటాయి, చిరుతపులికైతే పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి.

మీది మదనపల్లె అన్నారు కాబట్టి చెబుతున్నా, చీతా మీ వైపుకి పరాయిది కాదు. చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని 1952లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన రాశారు. దేశంలో చీతా అంతరించిపోయిందని ప్రభుత్వం ప్రకటించిందీ ఆ ఏడాదే.

ప్రశ్న: మరి రాజులు వేటాడేసి అంతం చేశారా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వేటాడారు. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానం మహారాజా రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడింటిని కాల్చేశారు, అవే చివరివని చెబుతారు. చీతాని చంపినవాళ్లకి బ్రిటిష్‌వాళ్లు బహుమతులు కూడా ఇచ్చారు. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది పెంచుకోవడం. కృష్ణజింకల వేటకని అడవిలో చీతాని పట్టి, మచ్చిక చేసి, కళ్లకి గంతలు కట్టి ఎద్దుబండి మీద మంద దగ్గరిదాకా తీసుకెళ్లి అక్కడ గంతలు విప్పి వదిలేవారు. అక్బరు దగ్గర వెయ్యి దాకా ఉండేవట. బంధిస్తే చీతా పిల్లల్ని కనడం చాలా అరుదు. జహంగీరు కాలంలో ఒకసారి మూడు పిల్లలు పుడితే అది వింతే అయి ఆయన జ్ఞాపకాల్లోకి ఎక్కింది, ఆ తర్వాత తెలిసిన కాన్పు 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో! అంటే ఉన్నది చచ్చిన ప్రతిసారీ అడవి నుంచి ఇంకోదాన్ని తేవాల్సిందే. ఈలోగా పచ్చిక బయళ్లు దున్నేశాం, జింకలూ తగ్గిపోయాయి.

ప్రశ్న: ఆఫ్రికా నుంచి తెచ్చి కూనో పార్కులో పెట్టిన చీతాలు చాలా చనిపోయాయి కదా సార్, తేవడమే తప్పేమో?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: తప్పనను బాబూ, తొందర అంటాను. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చాయి. అవి పుట్టిన ఆఫ్రికా దేశాల్లో జూన్, జూలై చలికాలం కదా, ఆ లెక్కనే వాటి ఒంటికి దట్టమైన బొచ్చు వచ్చింది, ఇక్కడేమో వానాకాలం. తడి ఆరక, జాడ తెలియడానికి మెడకి కట్టిన రేడియో కాలర్ కింద చర్మం ఒరుసుకుని పుండై, పురుగులు పట్టి, రక్తం విషమై ఆ జూలై, ఆగస్టుల్లో మూడు పోయాయి. ఆ వార్తలు చదివినన్నాళ్లూ నాకు ఒకటే టెన్షన్. కాలర్లు తీసి వైద్యం చేశాక మిగతావి తేరుకున్నాయి.

అసలు చిక్కు చోటు. ఒక్కో చీతాకి వందల చదరపు కిలోమీటర్లు కావాలి, మనమేమో పచ్చిక బయలు కనిపిస్తే బంజరు అని రాసుకుని వేరే పనికి ఇచ్చేస్తాం. 2025లో రెండు మగవాటిని మధ్యప్రదేశ్‌లోనే ఉన్న గాంధీ సాగర్ అభయారణ్యానికి మార్చారు, అలాంటి చోట్లు ఇంకా కావాలి.

2023 మేలో కూనోలో ఎండ దెబ్బకి, జ్వాల అనే ఆడ చీతాకి పుట్టిన నాలుగు పిల్లల్లో మూడు చనిపోయాయి. మిగిలిన ఆడపిల్ల ముఖి సిబ్బంది చేతుల మీద పెరిగింది. 2025 నవంబరులో ముఖి ఐదు పిల్లల్ని కంది.