రెండు వరుసల ఒప్పందాన్ని అలన్ మైకెల్సన్ దృశ్యంగా ఎలా మలిచారు?

ఉత్తర అమెరికాలోని ఆదివాసీ జాతుల కూటమి అయిన హోడెనొషోనీ సమాఖ్య, 17వ శతాబ్దంలో డచ్చివారితో కుదిరిందని తరతరాలుగా చెప్పుకొనే ఒప్పందాన్ని గుల్లపూసల పట్టీలో అల్లి పదిలపరచుకుంది. తెల్లని నేలపై సాగే రెండు ఊదారంగు వరుసలలో ఒకటి డచ్చివారి ఓడ, మరొకటి ఆదివాసుల పడవ. ఒకే నదిలో పక్కపక్కనే సాగే ఆ రెండింటిలో ఏ ఒక్కరూ ఎదుటివారి చుక్కాని పట్టరాదన్నది దాని భావం. పూసలు అలంకారం కావు, అవే దస్తావేజు.

ఆ సమాఖ్యలోని మోహాక్ జాతికి చెందిన కళాకారుడు మైకెల్సన్ 2005లో రూపొందించిన ‘టూరో 2’ (టూ రో అంటే రెండు వరుసలు) అనే వీడియో కళాకృతి ఈ పట్టీనే తెరగా మార్చింది. కెనడాలోని గ్రాండ్ నది రెండు గట్లను, అంటే ఒకవైపు సిక్స్ నేషన్స్ (హోడెనొషోనీ సమాఖ్యకే మరో పేరు) ఆదివాసుల భూమిని, మరోవైపు వలస వచ్చినవారి ఊళ్లను పడవలోంచి చిత్రీకరించి, రెండు వరుసలుగా ఎదురెదురు దిశలలో నడిపించారు. చూపరి నది మధ్యలో నిలిచినట్లవుతాడు. నా దృష్టిలో ఈ కృతి బలమంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఒప్పందంలో రెండో పక్షం తానేనని అతనికి అప్పుడు స్ఫురిస్తుంది. 2009లో ఆయన సెయింట్ లారెన్స్ నది తీరాలను ఇదే అమరికలో గాజుపై రూపొందించారు; అది న్యూయార్క్ రాష్ట్రం మసీనాలోని సరిహద్దు తనిఖీ కేంద్రంలో ఉంది.