సీటు దేశానిది, స్కోరు పాపది

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులే, హెచ్‌వన్‌బీ మీద ఉద్యోగాలు. మా అమ్మాయి 2014 ఆగస్టులో ఇక్కడే పుట్టింది. తనకు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నాయి. ఐదేళ్ళుగా ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది, గాల్లో రెండు చుట్లు తిరిగే డబుల్ జంప్‌లు వస్తున్నాయి. ఇక్కడ పోటీ విపరీతం. ఇండియా తరఫున అయితే జూనియర్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి తేలిగ్గా వెళ్ళొచ్చని తెలిసినవాళ్ళు అంటున్నారు. నిజమేనా? రేపు కాలేజీ అడ్మిషన్‌కి ఇది పనికొస్తుందా?
– ఒక తండ్రి, టెక్సస్

జవాబు: మీకు చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. సగం చెప్పి ఊరుకున్నారు. మిగతా సగం విన్నాక మీరే నిర్ణయించుకోండి.

మనకు ఎంసెట్ అలవాటు. ర్యాంకు ఎవరిదో సీటు వాళ్ళది. ఫిగర్ స్కేటింగ్‌లో అలా కాదు. అంతర్జాతీయ పోటీలో సీటు దేశానికి వస్తుంది, ఆ సీటులో ఎవరిని కూర్చోబెట్టాలో ఆ దేశపు స్కేటింగ్ సంఘం చూసుకుంటుంది. పిల్ల ఎంత బాగా ఆడినా తనంతట తాను పేరు ఇచ్చుకుని వెళ్ళలేదు.

జూనియర్ వరల్డ్స్ సంగతే చూద్దాం. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్‌లో సభ్యత్వం ఉన్న ప్రతి దేశానికీ అమ్మాయిల విభాగంలో ఒక్క సీటు మామూలుగానే ఉంటుంది. రెండోదీ మూడోదీ కావాలంటే కిందటి ఏడాది ఆ దేశం పిల్లలు సంపాదించి పెట్టి ఉండాలి. ఒక్కతే వెళ్ళి మొదటి రెండు స్థానాల్లో ఒకటి తెస్తే వచ్చే ఏడాదికి మూడు సీట్లు, మూడు నుంచి పది లోపు వస్తే రెండు. ఇద్దరు గానీ ముగ్గురు గానీ వెళ్ళి ఉంటే అందులో పైనున్న ఇద్దరి స్థానాలు కూడతారు. మొత్తం 13 దాటకపోతే మూడు సీట్లు, 28 దాటకపోతే రెండు. అంటే ఐదు, ఎనిమిది వస్తే మూడు సీట్లు. ఆరు, ఎనిమిది వస్తే రెండే. ఒక పిల్ల జారిపడిన ఒక్క జంప్‌కి మరుసటి ఏడాది ఇంకో పిల్ల ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. అమ్మానాన్నలకు టెన్షన్ ఊరికే రాదు.

కాబట్టి అమెరికాలో మీ పాప ఎన్ని వందల మందిని దాటినా పోటీ పడేది మహా అయితే మూడు సీట్లకు. ఇండియాలో ఉండేది ఒక్క సీటే అయినా దానికోసం నిలబడే వాళ్ళు బాగా తక్కువ. మీవాళ్ళు చెప్పిన సగం ఇదే.

ఇక చెప్పని సగం. సీటు ఉన్నంత మాత్రాన వెళ్ళనివ్వరు. పోటీలో రెండు ప్రదర్శనలు ఉంటాయి: చిన్నది షార్ట్ ప్రోగ్రామ్, పెద్దది ఫ్రీ స్కేటింగ్. రెంటికీ విడివిడిగా కనీస టెక్నికల్ స్కోరు ఉంటుంది. అది ఆ సీజన్‌లో గానీ అంతకుముందు సీజన్‌లో గానీ యూనియన్ గుర్తించిన అంతర్జాతీయ పోటీలోనే తెచ్చుకోవాలి. ఒక పోటీలో షార్ట్‌ది, ఇంకో పోటీలో ఫ్రీది వచ్చినా ఒప్పుకుంటారు. కానీ ఊళ్ళో క్లబ్ పోటీలో ఎంత స్కోరు వచ్చినా ఈ లెక్కలోకి రాదు. టెక్నికల్ అంటే జంప్‌లు, స్పిన్‌లు, అడుగుల వరస మాత్రమే. అందంగా ఆడింది, సంగీతానికి తగ్గట్టు ఆడింది అన్న మార్కులు ఇందులో కలవవు. జంప్‌లో చుట్టు పూర్తి కాకముందే కాలు మంచు మీద ఆనితే రీప్లే వేసి మరీ తగ్గిస్తారు. జూనియర్ అమ్మాయిల షార్ట్ ప్రోగ్రామ్‌లో ఆక్సెల్ జంప్ ఉండాల్సిందే, అదీ డబుల్‌కి తగ్గకుండా. ఆక్సెల్ అంటే ముఖం ముందుకు పెట్టి ఎగిరే జంప్, అందుకే డబుల్ ఆక్సెల్ పేరుకే రెండు, తిరగాల్సింది రెండున్నర చుట్లు. టోక్యో పిల్లకైనా, టెక్సస్ పిల్లకైనా, ఇండియా జెర్సీ వేసుకున్న పిల్లకైనా ఈ గీత ఒక్కటే. దేశం మారితే క్యూ తగ్గుతుంది, గీత కిందికి దిగదు.

పైగా ఆ స్కోరు తెచ్చుకునే పోటీలకు పేరు పంపేది కూడా సంఘమే. జూనియర్ గ్రాండ్ ప్రి అని ఏటా శరదృతువులో ఏడు పోటీలు జరుగుతాయి. ఒక్కొక్కరు గరిష్ఠంగా రెండింట్లో ఆడతారు, మొత్తం పాయింట్లలో పైనున్న ఆరుగురు ఫైనల్‌కి వెళ్తారు. ఏ దేశానికి ఎన్ని చోట్లు అన్నది ఇక్కడా కిందటి జూనియర్ వరల్డ్స్ ఫలితాన్ని బట్టే. చిన్న దేశాలకు దొరికేవి తక్కువ. దొరికిన వాటికి ఎవరిని పంపాలన్నది ఒక్కో దేశం ఒక్కోలా తేలుస్తుంది. దక్షిణ కొరియా వేసవిలో ఎంపిక పోటీ పెట్టి, వచ్చిన స్కోర్ల వరసలో పంచుతుంది. అమెరికాలో కమిటీ కూర్చుని స్కోర్లు, నిలకడ అన్నీ చూసి పేర్లు ఖాయం చేస్తుంది. నన్నడిగితే కొరియా పద్ధతిలో ఏడుపు ఒక్కరోజుతో పోతుంది. అమెరికా పద్ధతిలో ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూడాలి.

ఇప్పుడు పాస్‌పోర్టు. సింగిల్స్‌లో ఏ దేశానికి ఆడితే ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ఇండియా జట్టుకు ఓసీఐ కార్డు చాలదు, భారత పాస్‌పోర్టే కావాలి. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. తారా ప్రసాద్ పేరు వినే ఉంటారు. అమెరికాలో పుట్టి, 2019లో భారత పౌరసత్వం తీసుకుని, జాతీయ ఛాంపియన్ అయింది. 2025లో చైనాలోని హర్బిన్‌లో జరిగిన ఆసియా వింటర్ గేమ్స్‌లో ఎనిమిదో స్థానం తెచ్చుకుంది. ఆమె దారి నిజమైన దారే, గౌరవించాల్సిన దారి. కానీ మీరు గ్రీన్‌కార్డు క్యూలో ఉండి, పన్నెండేళ్ళ పిల్ల అమెరికా పౌరసత్వాన్ని ఒక పోటీ సీటు కోసం కదిలిస్తామంటే నేను వద్దనే అంటాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డబుల్ ఆక్సెల్ ఇంకా రాకముందే జెర్సీ రంగు గురించి ఇంట్లో గొడవెందుకు? అంతగా ఆలోచన ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, కోచ్‌ని కాదు. ఒకసారి ఒక దేశం తరఫున అంతర్జాతీయంగా ఆడాక ఇంకో దేశానికి మారాలంటే మొదటి సంఘం అనుమతి కావాలి, కొంతకాలం ఆగాలి. ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

మీ ఉత్తరంలో నా కళ్ళు ఆగింది ఇంకోచోట: ఆగస్టు. జూనియర్‌గా ఆడాలంటే సీజన్ మొదలయ్యే జులై 1కి ముందే 13 నిండాలి. మీ పాపకు 2027 ఆగస్టులో నిండుతాయి. అంటే 2027–28 సీజన్ అందదు, 2028–29 నుంచే. అలీసా లియూకు అచ్చం ఇదే జరిగింది. 2005 ఆగస్టులో పుట్టిన ఆ అమ్మాయి 2019 జనవరిలో, 13 ఏళ్ళకే, అమెరికా సీనియర్ ఛాంపియన్ అయింది. ఆ ఏడాది సీనియర్ వరల్డ్స్‌కే కాదు, జూనియర్ వరల్డ్స్‌కీ వయసు చాలలేదు. మధ్యలో ఆట మానేసి, తిరిగొచ్చి, 2025లో బోస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. సీనియర్లకు కనీస వయసును 2022లో 15 నుంచి 17కి పెంచాలని నిర్ణయించారు. జపాన్ అమ్మాయి మావో షిమాదా 2023, 2024, 2025ల్లో వరుసగా జూనియర్ వరల్డ్స్ గెలిచింది, అయినా 2026 ఒలింపిక్స్‌కి వయసు సరిపోలేదు. మీ పాప విషయంలో దీన్ని నష్టం అనుకోకండి. వయసు పైపరిమితి దగ్గర అదే ఆగస్టు మీకు కలిసొస్తుంది: జులై 1కి 19 నిండకపోతే చాలు కాబట్టి 2033–34 వరకూ జూనియర్‌గా ఆడొచ్చు. తొందర లేదు. ఎదిగే వయసులో నడుమూ మోకాళ్ళూ పాడుచేసుకోనక్కర్లేదు.

కాలేజీ సంగతి సూటిగా చెప్తాను. అమెరికా కాలేజీల మధ్య పోటీలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని ఆటల్లో ఫిగర్ స్కేటింగ్ లేదు. టెన్నిస్‌కో, ఈతకో వచ్చినట్టు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ వస్తుందని లెక్క వేసుకోవద్దు. తెల్లవారుజామున లేచి రింక్‌కి వెళ్ళిన పిల్ల గురించి అడ్మిషన్ వ్యాసంలో రాయడానికి బోలెడు ఉంటుంది, అంతవరకే. జట్టుగా ఆడే సింక్రనైజ్డ్ స్కేటింగ్ గురించి మాత్రం ఒకసారి కనుక్కోండి. ఒహాయోలోని మయామీ యూనివర్సిటీలో దానికి వర్సిటీ జట్టే (కాలేజీ అధికారిక జట్టు) ఉంది, సింగిల్స్‌లో ఆగిపోయిన పిల్లలు చాలామంది అటు వెళ్తారు. కోచింగ్, కొరియోగ్రఫీ, ఐస్ షోలు ఉపాధి దారులు. జడ్జి అవడం గౌరవమే గానీ దానితో ఇల్లు గడవదు.

ఈ వారం కోచ్‌ని ఒక్క మాట అడగండి: పాప జంప్‌లను టెక్నికల్ స్పెషలిస్ట్ (పోటీలో జంప్‌లు సరిగ్గా పూర్తయ్యాయో లేదో తేల్చేవాళ్ళు) ఎవరైనా రీప్లే వేసి చూశారా, వాటిలో ఎన్ని చుట్టు పూర్తయినట్టు లెక్కకొచ్చాయి? ఆ కాగితం చేతికొచ్చాక మళ్ళీ రాయండి.