నా పాత కమొడోర్ 64 కంప్యూటర్‌కి అదే కంపెనీ 1351 మౌస్ పెట్టాను. జియోస్‌లో (దాని మీద నడిచే, బొమ్మలూ మెనూలూ ఉండే సిస్టమ్) బాణం ఎనిమిది దిక్కులకే, ఒకే వేగంతో కదులుతోంది. మౌస్ పోయినట్టేనా?

పోలేదండి, అప్పుడే పక్కన పడేయకండి. మీరు చెప్పిన లక్షణాలు జాయ్‌స్టిక్ మోడ్‌వి. కుడి బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్ ఆన్ చేస్తే 1351 జాయ్‌స్టిక్‌లా పనిచేస్తుంది, అలా కావాలనే తయారుచేశారు. నా మౌస్‌లో కుడి బటన్ జిగటపట్టి లోపలికే ఉండిపోయేది, దాంతో ఎప్పుడు ఆన్ చేసినా ఆ మోడ్‌లోనే లేచేది. విప్పి శుభ్రంగా తుడిచాక బటన్ టక్కున పైకి రావడం మొదలైంది, గొడవ వదిలింది.

ముందు మాత్రం అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. 1350 అని ఉంటే చేయగలిగిందేమీ లేదు, అది జాయ్‌స్టిక్ మోడ్ తప్ప మరొకటి లేని మోడల్, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

1351 అయితే మెషిన్ ఆఫ్ చేసి పోర్ట్ 1లో పెట్టండి (ఆన్‌లో ఉండగా తీసి పెడుతుంటే లోపల పోర్ట్‌లను చూసుకునే సీఐఏ చిప్ కాలిపోవచ్చు, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి). బేసిక్‌లో 54297, 54298 మెమరీ అడ్రసుల్ని పీక్ చేసి (అంటే అక్కడున్న విలువ చదివి) ప్రింట్ చేస్తూ తిరిగే చిన్న లూప్ రాసి మౌస్ కదపండి. అంకెలు మారుతుంటే మౌస్ నిక్షేపంగా ఉన్నట్టే, 255 దగ్గర బిగుసుకుపోతే ఇంకా జాయ్‌స్టిక్ మోడ్‌లోనే ఉంది. ఆ రెండు అడ్రసులూ సిడ్ చిప్‌వి, అంటే పాటలు వాయించే చిప్‌వే! ప్యాడిల్ (తిప్పే గుండీ ఉన్న ఆటల కంట్రోలర్) చదవడానికి అందులో ఉన్న ఏర్పాటును వాడుకుని, సిడ్ 512 క్లాక్ సైకిళ్లకోసారి చేసే కొలతకు సరిగ్గా సమయం కుదిర్చి మౌస్ తన స్థానాన్ని అందులో పడేస్తుంది. అంత తక్కువ వనరులతో ఇంత నున్నగా కదిలే మౌస్ చేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మౌస్ అసలు మోడ్‌లోకి వచ్చాక జియోస్‌లో బాణం మొత్తానికే కదలకపోవచ్చు, కంగారు పడకండి. కుడి బటన్ నొక్కినప్పుడు మాత్రం పైకి పాకుతుంటే, డిస్క్ నుంచి జాయ్‌స్టిక్ డ్రైవర్ (జాయ్‌స్టిక్ కదలికల్ని జియోస్‌కి అందించే ప్రోగ్రామ్) లోడ్ అయిందని అర్థం, ఎందుకంటే కుడి బటన్ జాయ్‌స్టిక్ పై దిక్కు లైన్‌కే కలిపి ఉంటుంది. జియోస్ మెనూలో సెలెక్ట్ ఇన్‌పుట్‌కి వెళ్లి కామ్ 1351 అనే మౌస్ డ్రైవర్ ఎంచుకోండి. ప్రతిసారీ ఈ పని లేకుండా ఉండాలంటే బూట్ డిస్క్‌లో ఆ డ్రైవర్ ఫైలుని జాయ్‌స్టిక్ డ్రైవర్ కంటే ముందుకు జరపండి, జియోస్ లేచేటప్పుడు ముందు కనబడిన డ్రైవర్‌నే తీసుకుంటుంది.

ఇంత చేసినా 255 దగ్గరే ఆగితే ఇంకో మౌస్ చూసుకోవాల్సిందే. కమొడోర్ వాళ్ల మరో కంప్యూటర్ అమీగా మౌస్ ప్లగ్గు ఇందులో పడుతుంది కదా అని కొనకండి, దాని సిగ్నల్ పద్ధతి వేరు. మైక్రోమిస్ అడాప్టర్ తీసుకుంటే మామూలు పీఎస్/2 మౌస్‌ని 1351లా వాడుకోవచ్చు.