గీత వణకకుండా ఉండాలంటే...

ప్రశ్న: మూడు నెలలుగా సొంతంగా బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. గీతలు వణుకుతున్నాయి. గ్లాసు గీస్తే అడుగు భాగం ఎప్పుడూ తప్పుగానే వస్తోంది. రోజూ గీతలు, పెట్టెలే సాధన చేయాలా, నచ్చిన బొమ్మలు కూడా వేసుకోవచ్చా?

జవాబు: పొడవైన గీతను కూడా మణికట్టుతోనే, భయంభయంగా, ముక్కలు ముక్కలుగా లాగడమే చాలావరకు వణుకుకు కారణం. కాగితంపై రెండు చుక్కలు పెట్టి, పెన్సిల్ మొన ఆనించకుండా వాటి మధ్య చేతిని భుజం నుంచి రెండు మూడుసార్లు కదిలించి, చూపును చేరవలసిన చుక్కపైనే నిలిపి, ఒక్క ఊపులో గీయండి. గీత చుక్కను తప్పితే చెరిపి దిద్దవద్దు. పక్కనే మరొకటి గీయండి.

గ్లాసు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అడుగు బల్లపై సమంగా ఆనుతుంది కనుక దానిని తిన్నని గీతగా గీస్తారు. నిజానికి కంటి మట్టానికి దిగువనున్న గ్లాసులో పై అంచు కంటే అడుగే ఎక్కువ గుండ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది ఆ మట్టానికి మరింత కిందికి ఉంటుంది. గ్లాసు గాజుదని ఊహించుకొని, కనిపించని వెనుక వైపును కూడా కలుపుతూ అంచునూ అడుగునూ పూర్తి దీర్ఘవృత్తాలుగా గీసి చూడండి. వాటి కొసలు ఎంత సన్నబడినా వంపు తిరగాలే తప్ప మొనదేలకూడదు.

నచ్చిన బొమ్మలు తప్పకుండా వేసుకోండి. సాధన సమయంలో సగం వాటికే ఇవ్వండి. పెట్టెలు మాత్రమే గీసి గీసి విసిగి, చివరికి పెన్సిలే వదిలేసినవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.