పండుగ బల్ల కోసం 650 డాలర్లు కార్డు మీద పెట్టాలా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరివీ ఉద్యోగాలే, తొమ్మిదేళ్ళ పాప ఉంది. అయిదేళ్ళుగా ప్రతి థ్యాంక్స్‌గివింగ్‌కీ (నవంబరు నాలుగో గురువారం వచ్చే అమెరికా పండుగ) ఎవరో ఒకరు మమ్మల్ని భోజనానికి పిలుస్తూనే ఉన్నారు. ఈసారి మా ఇంటికే రమ్మని నేనే చెప్పాను. పిల్లలతో కలిపి 18 మంది అవుతాం. వంటలు తలా ఒకటి తెస్తామన్నారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. బల్ల అలంకరణ కోసం ఆన్‌లైన్‌లో ఎంచుకున్నవి పన్నుతో కలిపి 650 డాలర్లయ్యాయి, ఆ జాబితా జతచేశాను. కార్డు మీద ఇప్పటికే 4,200 బాకీ ఉంది. వడ్డీ 22 శాతం, నెలకు 300 కడుతున్నాం. ఇదీ కార్డు మీదే పెట్టి, మార్చిలో వచ్చే టాక్స్ రిఫండ్‌తో తీర్చేద్దామనుకుంటున్నాను. రిఫండ్ 2,400 దాకా రావచ్చు. మావారు వద్దంటున్నారు. ఇంట్లో చేసుకుంటే చౌక అంటారు గానీ, చూడటానికి బాగుండదేమోనని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: అయిదేళ్ళు పదిమంది ఇళ్ళలో తిన్నాక మనమూ ఒకసారి పిలుచుకోవాలనిపించడం ఎంతో మంచి కోరిక. దాన్ని నేను దండగ ఖర్చు కింద రాయను. విందు పెట్టండి, బల్లను ముచ్చటగా సర్దండి. నా పేచీ అంతా ఆ కార్డుతోనే.

650 మీద 22 శాతం అంటే నెలకు సుమారు 12 డాలర్లు. మార్చి దాకా నాలుగు నెలలకు 48. ఇంతేనా అనిపిస్తుంది. నిజానికి వడ్డీ అంత పెద్దదేమీ కాదు. ఒక సంగతి మాత్రం తెలుసుకోండి. కార్డు బాకీ పూర్తిగా కట్టేవాళ్ళకు కొత్తగా కొన్నవాటి మీద కొన్ని రోజులు వడ్డీ ఉండదు. బాకీ మోస్తున్నవాళ్ళకు మామూలుగా ఆ వెసులుబాటు పోతుంది. కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.

అసలు చిక్కు రిఫండ్‌తో ఉంది. ఆ 2,400ని మీరు మనసులో ఈ అలంకరణకి రాసేసుకున్నారు. కానీ పాత 4,200 కూడా దానికోసమే ఎదురు చూస్తోంది. లెక్క వేసి చూశాను. కొత్తగా ఏమీ కొనకుండా, డిసెంబరు నుంచి నెలకు 300 చొప్పున కడుతూ, మార్చిలో రిఫండ్ మొత్తం బాకీలో వేస్తే జులైలో కార్డు సున్నా అవుతుంది. ఈ 650 కూడా ఎక్కితే అదే సున్నా సెప్టెంబరుకు జరుగుతుంది. ఒక గురువారం సాయంత్రం బల్ల కోసం అప్పు నుంచి విడుదల రెండు నెలలు వెనక్కి పోతుందన్నమాట. మీవారు వద్దంటున్నారని రాశారు. ఈ విషయంలో నేను ఆయన పక్షం.

ఇక చేతితో చేసుకోవడం గురించి. అది చౌక అనేది సగమే నిజం. క్రాఫ్ట్ షాపుకు రెండు రిబ్బన్ల కోసం వెళ్ళి, గ్లూ గన్, మెరుపుల డబ్బా, ఎండుపూల కట్ట, బుట్ట వేసుకుని 90 డాలర్ల బిల్లుతో బయటికి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. అలా మొదలుపెడితే ఇంట్లో చేసిందే కొన్నదానికంటే తడిసి మోపెడవుతుంది. ఇంట్లోనూ వీధిలోనూ ఉన్నవాటితో చేసుకుంటేనే చౌక. అందుకే ముందు షాపుకు వెళ్ళకండి. కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి.

బీరువాతో మొదలుపెట్టండి. ఆరడుగుల మడత బల్లకు ఒక్కో వైపు ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. 18 మందికి మూడు బల్లలు, వరసగా వేస్తే 18 అడుగులు. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే సరిగ్గా 18 అడుగులే! మీరు ఎంచుకున్న వెల్వెట్ రన్నర్లు, అంటే బల్ల నడుమ నిలువునా పరిచే పట్టీలు, మూడింటికి 84 డాలర్లు అవసరం లేదు. మంగళగిరి లాంటి నేత చీర ఒకటి తీసి, నిలువుగా నాలుగు మడతలు పెడితే పదకొండు, పన్నెండు అంగుళాల పట్టీ అవుతుంది. అంచు పైకి కనిపించేలా మడవండి. జాకెట్టు ముక్క కోయని చీరైతే రెండడుగులకు పైగా ఎక్కువ ఉంటుంది కాబట్టి కొంగు బల్ల చివర అందంగా వేలాడుతుంది. పట్టుచీర వద్దు, గ్రేవీ మరక పడితే మనసు పాడవుతుంది. నూలు చీరైతే మర్నాడు ఉతికి ఆరేసుకోవచ్చు. బల్లలు లేకపోతే అడిగి తెచ్చుకోండి. మనవాళ్ళ ఇళ్ళలో సత్యనారాయణ వ్రతాల కోసం కొన్న మడత బల్లలు గరాజ్‌లో పడి ఉంటాయి.

చీర కింద బల్ల మొత్తం గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ పరచండి. ముప్పై అంగుళాల వెడల్పు చుట్ట తీసుకుంటే బల్లకు సరిగ్గా సరిపోతుంది. ఆ కాగితం మీదే ప్రతి కంచం పక్కన పాప చేత పేర్లు రాయించండి. ఇక్కడి స్కూళ్ళలో పిల్లలకు అరచెయ్యి కాగితం మీద పెట్టి, చుట్టూ గీసి, బొటనవేలిని తలగా, మిగతా వేళ్ళను ఈకలుగా టర్కీ బొమ్మ వేయడం నేర్పిస్తారు. పేరు కింద ఆ బొమ్మ వేయిస్తే సరి. పిల్లల చోట నాలుగు రంగు పెన్సిళ్ళు పెడితే భోజనం వడ్డించేదాకా వాళ్ళ గోల ఉండదు.

ఇప్పుడు వీధిలోకి రండి. మీ ప్రాంతంలో ఓక్ చెట్ల ఆకులు ఎర్రబడేది నవంబరు నడిమి తర్వాతే. వారం ముందు పాపతో కలిసి వెళ్ళి, రాలిన వాటిలో మచ్చలు లేనివి ఏరుకోండి. తడి తుడిచి, కాగితాల మధ్య పెట్టి, దాని మీద మీ సోనా మసూరి బియ్యం బస్తా ఎత్తిపెట్టండి. వారం తిరిగేసరికి ఇస్త్రీ చేసినట్టు సాపుగా ఉంటాయి, రంగూ పోదు. పెకాన్ టెక్సస్ రాష్ట్ర వృక్షం, కాయలు రాలే కాలమూ ఇదే. తెలిసినవాళ్ళ పెరట్లో ఉంటే గుప్పెడు అడగండి. హాలోవీన్‌కి గుమ్మంలో పెట్టిన గుమ్మడికాయ చెక్కకుండా ఉంటే ఇంకా గట్టిగానే ఉంటుంది, దాన్ని తెచ్చి బల్ల నడుమ పెట్టండి. లేకపోతే రెండు బటర్‌నట్ గుమ్మడికాయలు కొనండి. పండుగ మర్నాడు అవి దప్పళంలోకి వెళ్తాయి. 140 డాలర్లు పోసి వెల్వెట్ గుమ్మడికాయలు, కొవ్వొత్తుల స్టాండ్లు కొంటే అవి అటక ఎక్కుతాయి.

నాకు బాగా నచ్చేది క్రాన్‌బెర్రీ సీసా. పచ్చళ్ళు అయిపోయిన గాజు సీసాలు కడిగి, లేబుళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి గీకేయండి. ముప్పావు వంతు నీళ్ళు పోసి, పైన గుప్పెడు పచ్చి క్రాన్‌బెర్రీలు వదలండి. లోపల గాలి గదులు ఉండటం వల్ల ఆ కాయలు మునగవు, ఎర్రగా మెరుస్తూ తేలుతూ ఉంటాయి. మధ్యలో ఒక కొమ్మ రోజ్‌మేరీ నిలబెట్టండి. మూడు ప్యాకెట్లు కొంటే రెండు ప్యాకెట్లు సీసాల్లోకి, మూడోది పప్పులోకో రోటి పచ్చడిలోకో. ఆ పచ్చడి మీ బల్ల మీద టర్కీ పక్కన ఉండాలని నా కోరిక. ఇత్తడి చెంబు ఉంటే చింతపండుతో తోమి, చామంతులు పెట్టండి. ఈ రోజుల్లో ప్రతి కిరాణా షాపు ముందూ చామంతి కుండీలు వరసగా ఉంటాయి.

దీపావళి ప్రమిదలు కూడా వాడుకోండి గానీ, నూనె, వత్తి వద్దు. ఎండుటాకులు, కాగితం, నూలుచీర ఉన్నచోట మంట ప్రమాదం. పైగా ఇళ్ళలో వంట దగ్గర అగ్నిప్రమాదాలు ఈ దేశంలో అన్నింటికంటే ఎక్కువగా జరిగేది థ్యాంక్స్‌గివింగ్ రోజునే. ప్రమిదల్లో బ్యాటరీ దీపాలు పెట్టండి.

18 బంగారు రంగు చార్జర్ ప్లేట్లకు 126 డాలర్లు రాసుకున్నారు. చార్జర్ అంటే కంచం కింద పెట్టే కంచం, అంతే. వాటిని కొట్టేయండి. కంచాలు చాలకపోతే ఇద్దరు స్నేహితుల దగ్గర సెట్లు తెచ్చుకుని, ఒకటి విడిచి ఒకటి వేయండి. కావాలనే అలా చేసినట్టు కనిపిస్తుంది. పాత సామాన్ల దుకాణంలో రంగురంగుల పింగాణీ కంచాలు దొరుకుతాయి గానీ, మరీ పాత వాటి పూతలో సీసం ఉండొచ్చు. వాటిలో అన్నం పెట్టకండి.

ఇక డబ్బు. నేనైతే 75 డాలర్లు కవరులో పెట్టి, ఒకే ఒక్కసారి షాపుకు వెళ్తాను. నా అంచనా ఇది: కాగితం చుట్ట 12, క్రాన్‌బెర్రీలు 9, జనపనార దారం 4, బ్యాటరీ దీపాలు 10, ఆకుల మీద రాయడానికి తెల్ల పెన్ను 4, చామంతి కుండీలు రెండు 12, మందపాటి న్యాప్‌కిన్లు 8. పన్నుతో 65 లోపే. మిగిలిన పది మర్చిపోయినదాని కోసం. ఈ డబ్బు జీతం ఖాతా నుంచే రావాలి, ఆ నెల బయట తినే డబ్బులోంచి తీయండి.

"అయితే మిగిలిన 575 ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతారేమో. ఎక్కడా పెట్టడానికి లేవు. అవి మీ దగ్గరున్న డబ్బు కాదు, తేబోయిన అప్పు. అది మిగిలిందని పండుగ మర్నాడు, శుక్రవారం, దుకాణాల తగ్గింపులు చూసి ఇంకేదో కొనేయకండి.

శుక్రవారం అంటే గుర్తొచ్చింది. ఈ పండుగకీ దుకాణాలకీ బంధం పాతదే. 1939లో నవంబరు చివరి గురువారం 30వ తేదీన పడితే, కొనుగోళ్ళకు రోజులు చాలవని వ్యాపారులు మొరపెట్టుకున్నారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను వారం ముందుకు జరిపారు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని కాదన్నాయి. మీ టెక్సస్ రెండు గురువారాలూ చేసుకుంది. నాలుగో గురువారం అని 1941లో చట్టం చేశాక గానీ ఆ గొడవ తేలలేదు. ఇప్పుడు పండుగ మర్నాడు బిల్లింగ్ కౌంటర్ దగ్గర "మా కార్డు తీసుకుంటే 15 శాతం తగ్గింపు" అంటారు, వద్దని చెప్పండి. షాపు కార్డుల వడ్డీ చాలాసార్లు 30 శాతం దగ్గర ఉంటుంది. "ఆరు నెలలు వడ్డీ లేదు" అన్నవాటిలో కొన్నింటికి, గడువులోగా ఒక్క డాలరు బాకీ ఉన్నా కొన్న రోజు నుంచీ వడ్డీ వేస్తారు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. 2,400 రిఫండ్ వస్తోందంటే నెలకు 200 చొప్పున మీ జీతంలోంచి అవసరానికి మించి పన్ను కోస్తున్నారు. ఇటు కార్డుకు 22 శాతం కడుతూ అటు ప్రభుత్వానికి వడ్డీ లేకుండా డబ్బు ఇస్తున్నారు. ఆఫీసులో డబ్ల్యూ-4 ఫారం (జీతంలోంచి పన్ను ఎంత కోయాలో చెప్పేది) మార్చమని అడగండి. పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైట్‌లో దానికి లెక్క చూసుకునే పరికరం ఉంది, ఇద్దరి జీతాలూ పక్కన పెట్టుకుని చేయండి. మార్పు జనవరి జీతం నుంచి వచ్చేలా డిసెంబరులోనే ఇచ్చేయండి.